సిస్టమ్ డ్రైవ్‌కి సీనియారిటీ లిస్టు

కాల్వతూముల తనిఖీ శాఖ రద్దయి పదకొండేళ్లయింది. ఆ సంగతి ఆ శాఖలో పనిచేసినవాళ్లకి తప్ప రామచంద్రపురంలో అందరికీ తెలుసు.

వాళ్లంతా రిటైరయ్యాక సహకార సంఘం పెట్టుకుని మూడంతస్తుల్లో పద్దెనిమిది ఫ్లాట్లు కట్టుకున్నారు. కింద కార్లు పెట్టుకునే చోట ఓ మూల గది కట్టి, అందులో రెండు ఇనప బీరువాలు, ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల, నొక్కితే ఎవరూ రాని కాలింగ్‌బెల్లు అమర్చుకున్నారు. సంఘానికి అధ్యక్షుడు భీమశంకరం గారు. శాఖలో ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షను సూపర్నెంటుగా చేసి, ఎవరికి ప్రమోషన్ రావాలో ఎవరికి రాకూడదో ఇరవై రెండేళ్లపాటు తేల్చిన మనిషి. కార్యదర్శి కోదండపాణి గారు అదే సెక్షనులో సెలవు చీటీలు చూసేవారు. ఆ భవనంలో లిఫ్టు ఆగిపోతే ముందు లిఫ్టుకి సంజాయిషీ మెమో ఇచ్చి, వారం గడువు చూసి, ఆ తర్వాతే మెకానిక్కుని పిలుస్తారు. ఆ వారం మూడో అంతస్తు వాళ్లు మెట్లెక్కుతూ సంఘాన్ని తిట్టుకోరు. లిఫ్టునే తిట్టుకుంటారు, మెమోకి జవాబు ఇవ్వలేదని.

రెండో అంతస్తులో ఉండే వర్ధనమ్మ మాత్రం ఆ శాఖ మనిషి కాదు. ముప్పై ఒక్కేళ్లు ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్పింది. శాఖలో పనిచేసినవాడు ఆవిడ భర్త పేర్రాజు. కాలవగట్లంట సైకిలు మీద తిరిగి తూములు చూసొచ్చే ఇన్‌స్పెక్టరు. ఇన్‌స్పెక్టరుగా చేరి ఇన్‌స్పెక్టరుగానే దిగిపోయాడు. సీనియారిటీ లిస్టులో రెండో పేరుగా ఉండాల్సినవాడు పన్నెండో పేరయ్యాడు. దిద్దమని పెట్టుకున్న అర్జీ ఆయన రిటైరయ్యే రోజుకి కూడా పరిశీలనలోనే ఉంది. ఆ లిస్టు తయారు చేసింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

పేర్రాజుకి ప్రమోషన్ మీద బెంగ ఉండేది కాదు. ఆయన బెంగంతా పాటల మీద. సైకిలు బుట్టలో టేపురికార్డరు పెట్టుకుపోయి, వరి నాట్లు వేసే ఊడ్పుల రోజుల్లో పొలాల్లో ఆడవాళ్లు పాడుకునే పాటలన్నీ పట్టుకొచ్చేవాడు. నలభై పైచిలుకు క్యాసెట్లు. ప్రతి పాటకీ ముందు ఆయన గొంతు వినిపిస్తుంది. “ఊరేదమ్మా? పేరు చెప్పి పాడు తల్లీ” అంటాడు. రిటైరయ్యాక వాటన్నిటినీ ఓపిగ్గా కంప్యూటర్లోకి ఎక్కించి ఒక హార్డ్ డిస్కులో దాచాడు. క్యాసెట్లు బూజు పట్టి పోయాయి. కిందటేడు శ్రావణంలో పేర్రాజు కూడా పోయాడు. ఇక ఆ గొంతు మిగిలింది ఆ ఒక్క డిస్కులోనే. అది కూడా ఈ మధ్య తిరిగినప్పుడల్లా టక్కు టక్కుమంటోంది.

ఆ చప్పుడుకి అర్థమేమిటో సైన్సు టీచరుకి తెలుసు. అందుకే కాకినాడ వెళ్లి చెప్పుల పెట్టె అంత ఉన్న చిన్న సర్వరు ఒకటి కొనుక్కొచ్చింది. పాటలు, ఫొటోలు అన్నీ దాంట్లో వేసి ఇంట్లో ఓ మూల పెట్టుకుంటే, హాల్లో టీవీలోనైనా వంటింట్లో ఫోన్లోనైనా ఎప్పుడు కావాలంటే అప్పుడు వినొచ్చు. పాటలు దాచడానికి కొత్తగా ఓ పెద్ద హార్డ్ డిస్కు, యంత్రాన్ని నిద్ర లేపి నడిపించడానికి అరచేతిలో పట్టే ఎస్సెస్డీ ఒకటి కూడా తెచ్చింది. ఆ నిద్ర లేపేదాన్నే సిస్టమ్ డ్రైవ్ అంటారు. పాత డిస్కులో పాటలు కొత్త డిస్కులోకి ఎక్కించేస్తే గండం గడిచినట్టే. పెట్టె విప్పి స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకుందో లేదో, గుమ్మంలో దగ్గు వినిపించింది. కోదండపాణి గారు.

“టీచరు గారండీ, ఇరవైనాలుగ్గంటలూ నడిచే యంత్రం ఏదో పెడతన్నారని సంఘం దృష్టికి వచ్చిందండి.”

“ఫ్రిజ్జు కూడా ఇరవైనాలుగ్గంటలూ నడుస్తుంది కదండీ.”

“ఫ్రిజ్జులు బైలాకి ముందునుంచీ ఉన్నాయండి. వాటికి సర్వీసు ప్రొటెక్షనుందండి.” ఆయన నవ్వుతూ అనలేదు. “పదిహేడో బైలా ప్రకారం నిరంతరం నడిచే ఏ యంత్రానికైనా సంఘం ఆమోదం ఉండాలండి. ఒరిజినల్సు సమర్పించాలి. రెండ్రోజుల్లో చూసి ఇచ్చేత్తామండి.”

“ఒరిజినల్సంటే?”

“అయ్యేనండి,” అని బల్ల మీదున్నవన్నీ చూపించారు ఆయన. “పాత డిస్కు, కొత్త డిస్కు, ఆ చిన్నది, పెట్టె. అన్నీనండి.”

“ఆ పాతది ఇవ్వలేనండి. మావారి పాటలన్నీ దాంట్లోనే ఉన్నాయి. అది ఇవాళో రేపో అన్నట్టుంది.”

“మీవారి పేర్న ఉన్న ఫ్లాటు మీ పేరుకి మార్చే ఫైలు కూడా మా దగ్గరే ఉందండి మరి,” అన్నారు కోదండపాణి గారు, వాతావరణం గురించి మాట్లాడినట్టుగా. రసీదు మాత్రం వెంటనే రాసిచ్చారు, కార్బన్ పేపరు పెట్టి మరీ.

రెండ్రోజులు పదకొండు రోజులయ్యాక సమావేశం పెట్టారు. వర్ధనమ్మ ఎనిమిదో తరగతి పిల్లలకి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పింది. పెద్ద డిస్కు సరుకు దాచే గిడ్డంగి లాంటిది. ఎస్సెస్డీ చిన్నదే గాని చురుకైంది, మీట నొక్కగానే అన్నిటికన్నా ముందు లేచి మిగతావాటిని లేపి పనిలో పెడుతుంది. అందుకని దాన్నే సిస్టమ్ డ్రైవ్‌గా పెట్టుకుంటారు. భీమశంకరం గారు కళ్లు మూసుకుని అంతా విన్నారు. సర్వీసంతా ఆయన అలాగే విన్నారు.

“అంటే అందరికంటే ముందొచ్చి, మిగతావాళ్లందరి చేతా పనిచేయించేవాడన్నమాట,” అన్నారు కళ్లు తెరిచి. “హెడ్డాఫ్ ఆఫీసు.”

“ఓ రకంగా అంతేనండి.”

“మరి హెడ్డాఫ్ ఆఫీసు పోస్టుకి నిన్నగాక మొన్న ఫ్యాక్టరీలోంచి వచ్చినవాణ్ణి తిన్నగా వేసేత్తారా అమ్మా? మిగతావాళ్ల గతేంటి? కేడర్లో అశాంతి రాదూ?” ఆయన గొంతులో నిజంగానే బాధుంది. “కోదండపాణీ, ముగ్గురి పుట్టిన తేదీలూ నోట్ చెయ్యి.”

డిస్కుల మీద అంటించిన చీటీల్లో తయారైన తేదీలుంటాయి. కోదండపాణి గారు భూతద్దం పెట్టి మూడూ రాసుకున్నారు. మర్నాటికి నోటీసుబోర్డు మీద తాత్కాలిక సీనియారిటీ లిస్టు వెలిసింది. ఒకటి, పాత హార్డ్ డిస్కు. రెండు, కొత్త హార్డ్ డిస్కు. మూడు, ఎస్సెస్డీ, వ్యాఖ్య గడిలో ‘డైరెక్టు రిక్రూటు, ప్రొబేషన్ ప్రారంభించలేదు’. అభ్యంతరాలున్నవారు పదిహేను రోజుల్లోగా తెలుపుకోవలెను.

వర్ధనమ్మ ఆ మధ్యాహ్నమే అభ్యంతరం రాసిచ్చింది. మొదటి పేరుగలదానికి ఆరోగ్యం బాగాలేదు. పైగా ఏ డిస్కునైనా సిస్టమ్ డ్రైవ్‌గా చేయాలంటే ముందు దాంట్లో ఉన్నదంతా తుడిచెయ్యాలి. తుడిస్తే నా భర్త గొంతు పోతుంది. ఈ మూడు ముక్కలూ గుండ్రటి అక్షరాలతో రాసి సంతకం పెట్టింది. పదహారో రోజున జవాబొచ్చింది. ‘అనారోగ్య కారణములపై పదోన్నతిని వదులుకొనదలచినచో సదరు డిస్కు స్వయముగా లిఖితపూర్వకముగా కోరుకొనవలెను. ఇతరుల అర్జీలు పరిగణింపబడవు.’

ఆ కాగితం చదివి వర్ధనమ్మకి నవ్వు రాలేదు. ఒళ్లు మండింది. పేర్రాజు అర్జీలకి కూడా ఇలాంటి భాషలోనే జవాబులు వచ్చేవి. ఆయన వాటిని చదివి, మడిచి, టేపురికార్డరు కింద ఎత్తుగా పెట్టుకునేవాడు. ఆవిడకంత ఓపిక లేదు. తిన్నగా ఆఫీసు గదికి దిగి, ఆ డిస్కుని కనీసం ఒక్కసారి తిప్పి చూసి తర్వాత మాట్లాడమంది.

తిప్పి చూశారు. కోదండపాణి గారి లాప్‌టాప్‌కి తగిలిస్తే పాత డిస్కు టక్కు టక్కుమంది, కాసేపు గురకపెట్టింది, మళ్లీ టక్కుమంది. ఎస్సెస్డీని తగిలిస్తే చడీచప్పుడు లేదు.

“విన్నారా?” అన్నారు భీమశంకరం గారు మురిసిపోతూ. “పనిచేసేవాడన్నాక చప్పుడుండాలమ్మా. ఎంత కష్టపడతన్నాడో వినపడతంది కదా. మరి ఆ రెండోవాడు చూడు, కుర్చీలో కూచున్నట్టే ఉన్నాడు గాని పని చేత్తన్నాడో లేదో ఎవడికి తెలుసు?”

“అది చప్పుడు చెయ్యకుండానే పనిచేస్తుందండి. లాప్‌టాప్ అయిదు క్షణాల్లో దాన్ని చదివేసింది చూడండి.”

“అయిదు క్షణాలా!” ఆయన ముఖం చిట్లించారు. “ఫైలు చదవకుండా సంతకం పెట్టే బాపతన్నమాట. మా సెక్షన్లో అలాంటోడు ఒకడుండేవాడు. మూడు నెలలకి ట్రాన్స్‌ఫర్ చేసేశాం.”

లిస్టు ఖరారైపోయింది. పాత డిస్కుని సిస్టమ్ డ్రైవ్‌గా నియమిస్తూ ప్రొసీడింగ్స్ తయారయ్యాయి. వచ్చే గురువారం పదిన్నరకి పదవీ స్వీకారం. సర్వరు సంఘం ఆఫీసులోనే ఉండి కొన్నాళ్లు సంఘం పర్యవేక్షణలో పనిచేస్తుందట.

మూడు రోజులు వర్ధనమ్మకి అన్నం సయించలేదు. బుధవారం పొద్దున్న పేర్రాజు పాత ట్రంకుపెట్టె తీసి, అడుగున ఉన్న సర్వీసు రూల్సు పుస్తకం బయటికి లాగింది. ముప్పై ఏళ్లు ఆయన జీవితాన్ని నమిలిన పుస్తకం అది. వంటింటి గట్టు మీద పెట్టుకుని, కందిపప్పు ఉడికేలోగా తొంభై పేజీలు చదివేసింది. పిల్లల పరీక్ష పేపర్లు దిద్దిన చెయ్యి కదా, ఎక్కడ గీత గియ్యాలో దానికి తెలుసు. మర్నాడు పది గంటలకే కిందికి దిగింది.

“భీమశంకరం గారూ, ప్రమోషన్ మీద వెళ్లేవాడు పాత సీటు చార్జి అప్పగించకుండా కొత్త సీట్లో కూర్చోవచ్చాండీ?”

పెద్దమనిషి ఉలిక్కిపడ్డారు. “ఎలా కూర్చుంటాడమ్మా? మహాపరాధం.”

“మరి ఈ పాత డిస్కు దగ్గర నలభై క్యాసెట్ల చార్జి ఉందండి. ఎవరికి అప్పగిస్తాడు?”

కోదండపాణి గారు కొత్త డిస్కు వైపు చూశారు. భీమశంకరం గారు తల అడ్డంగా ఆడించారు. “వాడింకా డ్యూటీలో జాయినవలేదు. చార్జి తీసుకోడానికి అర్హత లేదు. చిన్నోడి సంగతి చెప్పనే అక్కర్లేదు.”

వర్ధనమ్మ చేతిసంచీలోంచి ఓ పెన్‌డ్రైవు తీసింది. బళ్లో ప్రశ్నపత్రాలు దాచుకోడానికి వాడిన పాతది, ఎర్రరంగు వెలిసిపోయింది. “ఇది తయారై తొమ్మిదేళ్లయిందండి. ఆ ఇద్దరికన్నా సీనియరు. విద్యాశాఖలో మచ్చలేని సర్వీసు.”

కోదండపాణి గారు భూతద్దంతో తేదీ చూసి, నిజమేనన్నట్టు తలూపారు. చార్జి అప్పగింత పత్రం మూడు ప్రతులు రాశారు. రాసినంతసేపూ వర్ధనమ్మ లాప్‌టాప్ ముందు కూర్చుని, పాత డిస్కులోంచి పాటలు పెన్‌డ్రైవులోకి ఎక్కుతుంటే చూసింది. సగం దాకా బాగానే వచ్చింది. అక్కణ్నించి డిస్కు టక్కుమనడం ఎక్కువైంది. ఓసారి రెండు నిమిషాలు అసలు కదల్లేదు. ఆవిడ కూడా కదల్లేదు. పక్కన భీమశంకరం గారు శాఖలో చార్జి అప్పగింతల చరిత్ర చెప్తున్నారు, ఒక్క ముక్క ఆవిడ చెవినెక్కలేదు. చివరికి ముక్కుతూ మూలుగుతూ అన్నీ దిగాయి. ఆఖరి పాట ఎక్కాక వర్ధనమ్మ పెన్‌డ్రైవు పీకి గుప్పిట్లో పెట్టుకుంది.

“చార్జి తీసుకున్న అధికారి ఆఫీసులోనే ఉండాలమ్మా,” అన్నారు కోదండపాణి గారు, చెయ్యి చాపుతూ.

“చార్జి తీసుకున్నాక చేరడానికి ఆరు రోజుల గడువుందండి. ఎనభై నాలుగో పేజీ.”

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. పాత డిస్కుకి బొట్టు పెట్టారు. దాన్ని తుడిచి, సిస్టమ్ డ్రైవ్‌గా అమర్చి మీట నొక్కే పని వర్ధనమ్మే చేసింది. యంత్రం లేవడానికి పదకొండు నిమిషాలు పట్టింది. భీమశంకరం గారు చేతిగడియారం చూసుకుంటూ, హోదాకి తగ్గట్టు ఉందన్నారు.

మూడో రోజు సాయంత్రం టీ వేళకి టక్కుటక్కులు ఆగిపోయాయి. మళ్లీ ఎంత నొక్కినా డిస్కు లేవలేదు. సంఘం సంతాప సభ పెట్టి రెండు నిమిషాలు మౌనం పాటించింది. సభ్యులు పద్నాలుగు మంది వచ్చారు. పేర్రాజు పోయినప్పుడు తొమ్మిది మందే వచ్చారని వర్ధనమ్మకి గుర్తుంది.

“విధి నిర్వహణలో ఉండగా అసువులు బాశాడు,” అన్నారు భీమశంకరం గారు కండువాతో కళ్లొత్తుకుని. “ఇప్పుడు మన కర్తవ్యం ఒక్కటే. కారుణ్య నియామకం. వాడి వారసుణ్ణి ఆ పోస్టులో వెయ్యాలి.”

“ఎస్సెస్డీ ఖాళీగానే ఉందండి,” అంది వర్ధనమ్మ, వింటారన్న ఆశ లేకుండా.

“చనిపోయినవాడికీ దానికీ బంధుత్వమేంటమ్మా? ఆ పెన్‌డ్రైవు తీసుకురండి. వాడి దగ్గరున్నదే దీని దగ్గరా ఉంటే అది వారసుడే. ఉందో లేదో కమిటీ ఎదుట రుజువవ్వాలి.”

ఆ పెన్‌డ్రైవుని కూడా తుడిచి సిస్టమ్ డ్రైవ్ చేస్తారని వర్ధనమ్మకి అర్థమైంది. ఈలోగా ఆవిడ చెయ్యి ఊరుకుందా? పెన్‌డ్రైవులో ఉన్నదంతా ఇంట్లో ఫోన్లోకి ఎక్కించేసింది. కాబట్టి పైకెళ్లి నిబ్బరంగానే దాన్ని పట్టుకుని దిగి వచ్చి, లాప్‌టాప్‌కి తగిలించి, కనిపించిన మొదటి పాట నొక్కింది. ఏ పాటో చూసుకోలేదు.

ముందు గాలి చప్పుడు, నీళ్ల చప్పుడు. తర్వాత పేర్రాజు.

“ఇయ్యాళ పదకొండో తారీకు, గురువారం. కోటిపల్లి కాలవ, మధ్యాహ్నం మూడుంబావయింది. ఊరేదమ్మా? పేరు చెప్పి పాడు తల్లీ.”

“ఓరి బాబో, ఆపీసరు గారు పాట పాడమంటన్నారే!” అని ఎవరో ఆడమనిషి నవ్వింది. “మీకు ఆపీసులో పనుండదేటండి?”

“మా సూపర్నెంటు గారికి తూము గేటు బాగుందని రాసిత్తే చాలమ్మా. ఆయన చదవడు. నువ్వు పాడు.”

ఆవిడ పాడింది.

“నారు పీకే చెయ్యి, నాటేటి చెయ్యీ,
ఏ చెయ్యి పెద్దదో ఎవరడిగినారూ...
అడిగినోళ్లంతా గట్టు మీదున్నారు,
అడగని బురదే అన్నమెట్టిందీ...”

వర్ధనమ్మ కళ్లమ్మట నీళ్లు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. ఏడాది మీద మూడు నెలలైంది ఆ గొంతు గదిలో నిండి. కోదండపాణి గారు తల దించుకుని, “పేర్రాజేనండి, అచ్చం పేర్రాజే,” అన్నారు ఎవరితోనో అన్నట్టు. పాట అయిపోయింది. “ఊఁ, ఇంకోసారి పాడమ్మా,” అన్నాడు పేర్రాజు. అక్కడికి ఆగింది.

భీమశంకరం గారు చాలాసేపు ఆలోచించారు. వర్ధనమ్మ ఆయన ముఖంలోకి చూసింది. మనిషి కరిగాడేమోనని ఓ క్షణం నిజంగానే అనుకుంది.

“మూడుంబావన్నాడా?” అన్నారు ఆయన.

“ఆయ్,” అన్నారు కోదండపాణి గారు.

“గురువారం, పనిదినం. డ్యూటీ వేళల్లో పాటలు!” బల్ల మీద గుద్దారు. “పైగా నేను చదవనని ప్రచారం. ఎంత మాట! కోదండపాణీ, మెమో రాయి.”

“ఎవరికండి?”

“ఎవరికేంటయ్యా? తప్పెవడు చేశాడో వాడికి.”

అక్కడికక్కడే రాశారు. ‘శ్రీ పేర్రాజు, తనిఖీదారు, పని వేళలయందు విధులను నిర్లక్ష్యపరచి స్త్రీలచే పాటలు పాడించి రికార్డు చేసినట్లు మరియు పై అధికారిని కించపరచినట్లు రుజువైనందున, పదిహేను రోజులలోగా సంజాయిషీ సమర్పించవలెను.’ విచారణ తేలేదాకా కారుణ్య నియామకం నిలిపివేత. సిస్టమ్ డ్రైవ్ పోస్టు ఖాళీ.

వర్ధనమ్మ కళ్లు తుడుచుకుంది. దుఃఖం పోయి దాని చోట్లో ఇంకేదో వచ్చి కూర్చుంది. “మరి నియామకం లేదు కదండీ. ఎంపిక కాని అభ్యర్థుల ఒరిజినల్సు తిరిగిచ్చెయ్యాలి. నూట పన్నెండో పేజీ.”

ఇచ్చేశారు. కొత్త డిస్కు, ఎస్సెస్డీ, పెన్‌డ్రైవు. హెడ్డు లేని పెట్టె ఉత్త ఇనుమే గాని యంత్రం కాదని వాళ్లే తీర్మానించి పెట్టె కూడా ఇచ్చారు. ఆవిడ రసీదు మీద సంతకం పెట్టి మెట్లెక్కింది. స్క్రూడ్రైవరు నలభై రోజుల కింద పెట్టిన చోటే ఉంది. ఎస్సెస్డీ బిగించి, మీట నొక్కి, చెయ్యి వెనక్కి తీసేలోగా యంత్రం లేచింది.

పద్నాలుగో రోజు మధ్యాహ్నం ఆఫీసు గదికి వెళ్లి మెమోకి జవాబు బల్ల మీద పెట్టింది. భీమశంకరం గారు పైకి చదివారు. “సదరు ఉద్యోగి ప్రస్తుతం టూర్లో ఉన్నారు. తిరిగి వచ్చిన వెంటనే సంజాయిషీ సమర్పించగలరు.”

ఆ సమయానికి రెండో అంతస్తు కిటికీలోంచి పాట కిందికి వినిపిస్తోంది.

“ఆ యంత్రం నడుత్తున్నట్టుందే?” అన్నారు ఆయన అనుమానంగా.

“హెడ్డాఫ్ ఆఫీసు పోస్టు ఖాళీ అని మీరే రాశారు కదండీ. హెడ్డు లేకుండా ఆఫీసు నడుస్తుందంటారా?”

నడుస్తుందని ఒప్పుకోవడం ఆయన వల్ల కాలేదు. ముప్పై నాలుగేళ్ల సర్వీసు అడ్డొచ్చింది. కలం తీసి ఫైలు మీద రాశారు: ‘ఉద్యోగి టూరు నుండి తిరిగి వచ్చువరకు పెండింగులో ఉంచవలెను.’ కోదండపాణి గారు చెవిలో ఏదో గుర్తు చేస్తే రెండో ఫైలు కూడా లాగి రాశారు: ‘సభ్యుడు టూర్లో ఉన్నందున ఫ్లాటు బదిలీ ప్రశ్న ఉత్పన్నము కాదు. ఫ్లాటు వారి పేరుననే కొనసాగును.’ రెంటి మీదా ముద్ర కొట్టారు.

వర్ధనమ్మ కాపీలు తీసుకుని మేడెక్కింది. తలుపు తీసేసరికి హాల్లో పాట అయిపోయి, పేర్రాజు ఇంకో ఊళ్లో ఇంకెవరినో అడుగుతున్నాడు.

“ఊరేదమ్మా? పేరు చెప్పి పాడు తల్లీ.”